పాత కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంచాలా, తీసేయాలా: మా కస్టమర్లకు

ఎనిమిదేళ్లు దాటిన కార్ల రెన్యువల్‌కు ఇకనుంచి రెండు కొటేషన్లు పంపుతాం. ఒకటి ఫుల్ (మీ కారు నష్టానికి కూడా ఇచ్చేది), ఇంకోటి ఉత్త థర్డ్ పార్టీ (మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికే ఇచ్చేది). ఫుల్ పాలసీ మీద మాకొచ్చే కమిషన్ ఎక్కువ, అది మనసులో పెట్టుకునే కింది లెక్క చూడండి.

థర్డ్ పార్టీ చట్టప్రకారం ఉండాల్సిందే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094, పదిహేను వందల సీసీ దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. ఆలోచించాల్సింది ఓన్ డ్యామేజ్ గురించే, అంటే ఫుల్‌లో మీ సొంత కారు నష్టానికి కట్టే భాగం.

ఎనిమిదేళ్ల చిన్న కారు, ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ) రెండు లక్షలు, జీరో డెప్ (విడిభాగాల పాతదనానికి కోత పెట్టని అదనపు కవర్) లేదు అనుకుందాం. ముందు భాగం గుద్దుకుంది. బంపర్ 8,000, బానెట్ 12,000, పెయింటింగ్ 8,000, లేబర్ 4,000, మొత్తం బిల్లు 32,000. ప్లాస్టిక్‌కి సగం కోత, ఈ వయసు కారు రేకుకి 40 శాతం, పెయింటింగ్ బిల్లులో పావు వంతుగా లెక్కేసే పెయింట్ మెటీరియల్‌కి సగం. ఆపైన మీరు పెట్టుకోవాల్సిన వెయ్యి. కంపెనీ ఇచ్చేది 21,200. ఇక్కడితో అయిపోదు. 50 శాతం ఎన్‌సీబీ (క్లెయిమ్ వేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే రాయితీ) ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. ఓన్ డ్యామేజ్‌కి 4,000 కడుతున్నవారు వచ్చే ఏడు 8,000 కట్టాలి. మళ్లీ 50కి చేరేలోపు ఐదేళ్లలో అదనంగా పోయేది దాదాపు 10,000. అంటే నికరంగా మిగిలేది 11,000 చిల్లర. అందుకే పది వేల లోపు గీతలకీ సొట్టలకీ క్లెయిమ్ వేయొద్దంటాం.

మరి ఫుల్ ఎందుకు? దొంగతనానికి, అగ్నిప్రమాదానికి, వరదకి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న కార్లకు పాలసీ నుంచి రూపాయి వచ్చే దారి లేదు. ఫుల్ ఉన్నా ఒక తిరకాసు ఉంది. నీళ్లలో ఉండగానే సెల్ఫ్ కొడితే నీరు సిలిండర్‌లోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ నష్టానికి మామూలుగా ఇవ్వరు. తాళం ముట్టుకోకుండా, నీటి మట్టం కనిపించేలా ఫోటో తీసి, కంపెనీకి చెప్పి, టోయింగ్‌లోనే తరలించండి.

మా మాట: ఐడీవీ లక్ష పైన ఉంటే, లేదా బండి రోడ్డు మీదో పల్లపు ప్రాంతంలోనో ఉంటే ఉంచండి. ఐడీవీ లక్ష లోపు, నెలకు నాలుగుసార్లు తీసే బండి, గేటు లోపల పార్కింగ్, కారు పోయినా అప్పు చేయాల్సిన పనిలేదు అనుకుంటే తీసేయొచ్చు. బ్యాంకు లోన్ ఉంటే మాత్రం ఆ ఊసే వద్దు, ముందు ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు పేరున ఉన్న తాకట్టు నమోదు) తీయించాలి.

ఏడాదిలో కొత్త కారు కొనే ఆలోచన ఉన్నవాళ్లు తొందరపడకండి. ఎన్‌సీబీ బండిది కాదు, మీది. పాతది అమ్మాక తీసుకున్న లెటర్ మూడేళ్లు చెల్లుతుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ 24,000 అయితే 12,000 తగ్గుతుంది. ఫుల్ ఆపేసి 90 రోజులు దాటితే ఆ రాయితీ పోయినట్టే. తిరిగి ఫుల్‌కి రావాలంటే ఇన్‌స్పెక్షన్ కూడా అవుతుంది, ఉన్న సొట్టలన్నీ రాసుకుంటారు.

గడువుకి పదిహేను రోజుల ముందు ఆర్సీ, పాత పాలసీ ఫోటోలు, బండి రాత్రిళ్లు ఎక్కడ ఉంటుందో పంపండి. కొటేషన్‌లో ఐడీవీ ఎంత వేశారో ముందు చూడండి. ప్రీమియం తగ్గించి చూపడానికి దాన్ని దించేసే అలవాటు ఉంది.