సైకిల్ కొన్నావు సరే, షాపు సంగతేంది?

ఒంగోలు,
ఆదివారం

ఒరేయ్ బావా,

ఫొటో చూశాను. గేర్ల సైకిలు, నెత్తిన హెల్మెట్, వెనకాల మైపాడు సముద్రం. బాగుంది. పొట్ట ఇంకా హ్యాండిల్‌కి తగులుతూనే ఉంది గానీ, ఆ మాట ఇప్పుడొద్దులే. నిన్న చెల్లెమ్మ మా ఆవిడకి ఫోన్ చేసి, "తెల్లారకముందే రొయ్యల లారీల మధ్యన పోతున్నాడు వదినా, ఏమన్నా అయితే షాపు ఎవరు తెరుస్తారు?" అని బాధపడిందంట. ఫోన్‌లో చెప్తే మధ్యలో జోకులేసి మాట దాటేస్తావు. అందుకే కాగితం తీశాను, గమ్మున చదువు.

హెల్త్ పాలసీ ఉందిగా అంటావు. అది ఆసుపత్రి బిల్లు కడుతుంది. ఇంటికొచ్చాక నీ సెల్‌ఫోన్ రిపేరు షాపు అద్దె, కుర్రాడి జీతం, చీటీ డబ్బులు, పిల్లల ఫీజు ఎవరు కడతారు? సైకిల్ మీంచి పడేవాడు ముందు చెయ్యి ఆనిస్తాడు. విరిగితే మణికట్టో, భుజం దగ్గరి కాలర్ బోనో విరుగుతుంది. ప్రాణానికేం కాదు. గవర్నమెంటు ఉద్యోగస్తుడైతే మెడికల్ లీవు పెట్టి టీవీ చూసుకుంటాడు. నీదేమో మైక్రోస్కోప్ కింద ట్వీజర్‌తో ఫోన్ బోర్డు మీద ఐసీ నిలబెట్టే చెయ్యి. కట్టు విప్పిన మర్నాడే ఆ పట్టు తిరిగి వస్తదా?

మా వకీలు గారి దగ్గర యాక్సిడెంట్ ఫైళ్ళు మోసే వాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు కొంచెం తెలుసు. బండేదన్నా గుద్దితే ఒక దారుంది. ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. జిల్లా కోర్టులోని ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు కేసు వేస్తే వైద్యం ఖర్చుతో పాటు పని పోయిన రోజుల ఆదాయం కూడా అడగొచ్చు. కాకపోతే వాయిదాల మీద వాయిదాలు. డబ్బు చేతికొచ్చేసరికి విరిగిన చెయ్యి ఎడమదో కుడిదో నువ్వే మర్చిపోతావు. గుద్దినోడు ఆగకుండా పోయి, ఏ బండో తెలియకపోతే, తీవ్ర గాయానికి ప్రభుత్వ పథకం కింద 50,000. అంతే.

అసలు చిక్కేందంటే, మన రోడ్ల మీద సైకిల్‌వాళ్ళు సగం సార్లు ఎవరూ గుద్దకుండానే పడతారు. కోతల టైములో ఇందుకూరుపేట వైపు రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి, లారీలు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాయి కనపడదు, వడ్ల మీద సన్న టైరు నిలబడదు. దానికితోడు బర్రెలు, కుక్కలు. ఎవరి మీద కేసు వేస్తావు, బర్రె మీదా?

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కోసినట్టు మెసేజ్ వచ్చిందని ధైర్యంగా ఉండమాక. చనిపోతే, పూర్తిగా అవిటివాడైతే 2 లక్షలు, ఒక చెయ్యో కాలో కన్నో శాశ్వతంగా పోతే లక్ష. ఆ డబ్బుకి అది గొప్ప పథకమే, మానమాక. కానీ అతుక్కునే ఎముకకి పైసా రాదు.

నీక్కావాల్సింది పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, అందులోనూ తాత్కాలికంగా పని చెయ్యలేనప్పుడు వారం వారం డబ్బిచ్చే కవర్. టెంపరరీ టోటల్ డిసేబుల్‌మెంట్ అని దాని పేరు, ఏజెంట్లు ముద్దుగా టీటీడీ అంటారు, వెంకన్నకి దండం పెట్టేవు. వారానికి బీమా మొత్తంలో 1 శాతం అని ఉంటే, 5 లక్షల పాలసీకి వారానికి 5,000. ఒక్కో కంపెనీది ఒక్కో శాతం, కింద చిన్నక్షరాల్లో గరిష్ఠం ఇంత అని ఇంకో లైను, ఇన్ని వారాల దాకానే అని మరో లైను ఉంటాయి. 2021 ఏప్రిల్ నుంచి అమ్మాలని సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలన్నిటికీ చెప్పిన 'సరళ్ సురక్షా బీమా' ఉంది, రెండున్నర లక్షల నుంచి కోటి దాకా. అందులో ఈ వారపు కవర్ అసలు పాలసీలో ఉండదు, విడిగా అడిగి తీసుకోవాలి. అడక్కపోతే ఎవరూ చెప్పరు.

ఇంకొకటి. పాలసీలో "ఏ పనీ చెయ్యలేని స్థితి" అని ఉందా, "తన పని చెయ్యలేని స్థితి" అని ఉందా చూడు. నీకు ఇక్కడే దెబ్బ పడేది. కట్టుతో కౌంటర్‌లో కూర్చుని ఒంటి చేత్తో రీఛార్జులు చేస్తున్నావనుకో, పని చేస్తున్నాడుగా అంటారు. సంతకం పెట్టకముందే ఈ ప్రశ్న రాతపూర్వకంగా అడుగు, జవాబు కూడా కాగితం మీదే తీసుకో. ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్స్ కూడా మానకుండా వెయ్యి. షాపు ఆదాయానికి నీ దగ్గరున్న రుజువు అదే.

లండన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు చెప్పాడు, అక్కడ జబ్బు చేసినా దెబ్బ తగిలినా నెలనెలా జీతంలో సగానికి పైగా ఇచ్చే పాలసీలున్నాయంట, ముందు కొన్ని వారాలు ఆగాలంట. మన పాలసీ ప్రమాదానికే, జ్వరాలకీ నడుం నొప్పులకీ కాదు.

ఇక నీ పుత్తూరు కట్టు పిచ్చి. మీ నాయన కాలు అక్కడే అతికింది, కాదనను. కానీ క్లెయిముకి రిజిస్టర్డ్ డాక్టర్ రాసిన సర్టిఫికెట్ కావాలి, ఎక్స్‌రే కావాలి, ఇన్ని వారాలు పనికి పోకూడదని తేదీలతో రాసి ఉండాలి. ముందు ఎముకల డాక్టర్ దగ్గర కాగితాలు చేయించుకో, ఆకుపసరు సంగతి తర్వాత చూద్దాం.

200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కే బ్రెవే అనే లాంగ్ రైడ్ చేస్తానన్నావుగా. అది పందెం కాదని మీవాళ్ళంటారు, నిజమే. కానీ చాలా పాలసీల్లో రేసులకీ సాహస క్రీడలకీ మినహాయింపు ఉంటుంది. దాన్నీ కంపెనీతో తేల్చుకున్నాకే పేరివ్వు.

మీ తమ్ముడు ఫ్యాక్టరీకి సైకిల్ మీదేగా పోయేది? ఈఎస్‌ఐ ఉంటే వాడికి బెంగ లేదు. డ్యూటీకి పోయే దారిలో పడ్డా లెక్కకొస్తుంది, పనికి పోలేని రోజులకి సగటు కూలీలో 90 శాతం ఇస్తారు. వాణ్ణి కార్డు నంబర్ చెల్లెమ్మ దగ్గర రాసిపెట్టమను.

ఏజెంట్ ఇచ్చిన కాగితాలు సంతకం పెట్టకుండా వాట్సాప్‌లో పంపు, సాయంత్రం వకీలు గారికి చూపిస్తా. సైకిల్‌కి వెనక ఎర్ర లైటు బిగించావా లేదా అని చెల్లెమ్మ అడగమంది. అత్తకి నమస్కారాలు చెప్పు.

నీ బావ