పెళ్లి జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లేనా?

సంపాదకులకు నమస్కారం.

2016లో లాక్మే ఫ్యాషన్ వీక్ ప్లస్ సైజ్ (పెద్ద కొలతల) మోడళ్లను ర్యాంప్ ఎక్కించింది. సంతోషం. మన పెళ్లి దుకాణాల్లో మాత్రం ఒళ్లున్న పెళ్లికూతుళ్లకు చిక్కంతా గుడ్డ దగ్గరే మొదలవుతోంది. పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. ఛాతీ 44 అంగుళాలు దాటిన పెళ్లికూతురికి మోచేతుల దాకా చేతులు పెట్టాలంటే మీటరైనా కావాలి. చాలకపోతే చంక కింద అతుకు పడుతుంది. నేతలోనే మరో 25 సెంటీమీటర్లు కలపమని నేతన్నలను, దుకాణదారులను కోరుతున్నాం.

కటింగ్‌లోనూ తప్పు జరుగుతోంది. 36 సైజు ప్యాటర్న్‌ను అన్ని వైపులా ఒకేలా పెంచేస్తున్నారు. ఒళ్లు పెరిగినంతగా భుజం పెరగదు కదా! మెడ జారిపోతుంది, చంక దగ్గర ముడతలు పడతాయి, ముందు అంచు పైకి లేస్తుంది. భుజం, ఛాతీ, చంక, చేతి చుట్టుకొలత దేనికది తీయాలి, డార్టు (ఒంటి వంపుకు తగ్గట్టు గుడ్డను మడిచి కుట్టే కుట్టు) లోతు పెంచాలి.

మగ్గం వర్క్‌ను పక్క కుట్టుకు 2 అంగుళాల ముందే ఆపాలి. జరదోసీ (లోహపు తీగల అల్లిక) పక్క కుట్టులోకి వెళ్తే ముహూర్తం నాటికి బిగుతైన జాకెట్టును వదులు చేయలేం.

అమ్మాయిని "ముందు తగ్గి రామ్మా" అనడం దయచేసి మానండి. ట్రయల్ జాకెట్లు 48 సైజు వరకూ ఉంచండి.

– పెళ్లి జాకెట్లు కుట్టే దర్జీలు, హైదరాబాద్