ఆ నాలుగు సూట్‌కేసుల సినిమా

ఒరేయ్ బావా,

పిల్లాడి జ్వరం తగ్గిందా? మంచి క్రైమ్ కామెడీ ఒకటి చెప్పమన్నావుగా, ఇదిగో. 'లా త్రావెర్సే ద పారీ', 1956 నాటి ఫ్రెంచి సినిమా, క్లాడ్ ఓతాఁ-లారా తీశాడు. వాళ్ల దేశంలో దీనికి మంచి పేరుంది గానీ మన వైపు దీని ఊసెత్తేవాడే లేడు. నాకదే బాధ.

రెండో ప్రపంచ యుద్ధంలో పారిస్ జర్మన్ల చేతిలో ఉన్న రోజులు. తిండికి రేషన్ టికెట్లు, రాత్రయితే కర్ఫ్యూ, మాంసం కావాలంటే బ్లాక్ మార్కెట్టే దిక్కు. మార్టిన్ టాక్సీ డ్రైవర్. పని పోయి దొంగసరుకు మోసుకుని బతుకుతుంటాడు. ఒక పందిని కోసి నాలుగు సూట్‌కేసుల్లో కుక్కుతారు. తెల్లారేలోగా నడిచి, పారిస్‌లోనే ఉన్న మోమార్త్ అనే పేటకి చేర్చాలి. ఎప్పుడూ తోడొచ్చేవాడు అరెస్టయ్యాడని, కేఫ్‌లో కనపడ్డ గ్రాంజిల్ అనే ముక్కూమొహం తెలియనివాణ్ణి వెంటబెట్టుకుంటాడు.

పందిని కోసే సీను మాత్రం ఏమరకుండా చూడు. కిరాణా కొట్టు కింద నేలమాళిగలో కోస్తుంటారు. దాని అరుపు వీధిలోకి వినపడకూడదని పక్కనే మార్టిన్ అకార్డియన్ వాయిస్తుంటాడు. నవ్వొస్తుంది, కడుపులో దేవినట్టూ ఉంటుంది. ఆ తర్వాత గ్రాంజిల్ కొట్టువాడి పేరూ అడ్రసూ గొంతు చించుకుని అరుస్తూ కూలి పెంచమంటాడు. అడిగిన కొద్దీ వేలల్లోకి పోతుంది లెక్క! కొట్టువాడిగా వేసింది లూయీ ద ఫ్యునెస్ అనే నటుడు. మార్టిన్‌కి ఒకటే టెన్షన్. రోడ్డెక్కాక మాంసం వాసనకి కుక్కలు కూడా వెంటపడతాయి.

అసలు సంగతేమిటంటే గ్రాంజిల్ పేరున్న చిత్రకారుడు. డబ్బుకి లోటు లేనివాడు, సరదాకి వచ్చాడు. మార్టిన్‌కి అదే రేపటి కూడు. ఒకే దొంగపని, ఒకడికి ఆట, ఇంకొకడికి బతుకు. అందుకే ఈ సినిమా నన్ను వదలడం లేదు. ఇద్దరూ దొరికిపోయాక జర్మన్ ఆఫీసరు గ్రాంజిల్‌ని గుర్తుపట్టి వదిలేస్తాడు, మార్టిన్‌ని ట్రక్కులో తీసుకుపోతారు. మార్సెల్ ఎమె రాసిన మూలకథలోనైతే మార్టినే గ్రాంజిల్‌ని చంపేస్తాడు. నాకు సినిమా ముగింపే ఎక్కువ నచ్చింది. చంపితే మార్టిన్ పగైనా తీరుతుంది, ఇక్కడ అదీ లేదు.

గ్రాంజిల్‌గా జాఁ గబాఁ గర్జిస్తాడు. కానీ మార్టిన్‌గా బూర్విల్ భయం, రోషం, అమాయకత్వం అన్నీ మొహంలోనే చూపించాడు. వెనిస్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే ఇచ్చారు, న్యాయంగానే ఇచ్చారు.

కథంతా చెప్పేశానని తిట్టకు, తెలిసి చూసినా పట్టు సడలదు. ఈ ఆదివారం చూసి, గ్రాంజిల్ మీద నీకు కోపమొచ్చిందా జాలేసిందా రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ బావ