మిక్సింగ్ చేసేవాళ్లకు ఆషాఢంలో క్లాసులు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో పెళ్లి వీడియోల మిక్సింగ్, అంటే ఎడిటింగ్ చేస్తుంటాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పని మీద బతికేవాళ్లు ఊరూరా ఉన్నారు. మా పనిలో వచ్చిన ఇబ్బంది ఒకటి మీ పేపర్ ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మాలో చాలామందికి ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద బాగా చేయి తిరిగింది, కీబోర్డు వైపు చూడకుండానే తలంబ్రాల సీను కట్ చేసేస్తారు. కానీ కొత్త కెమెరాలు ఇచ్చే, రంగుల వివరం ఎక్కువుండి బాగా కుదించిన 10 బిట్ హెచ్.265 ఫైళ్లు పాత సిస్టంలో ఆగి ఆగి నడుస్తున్నాయి, పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. ఎటూ సిస్టం మార్చాలి కదా, పనిలో పనిగా సాఫ్ట్‌వేర్ కూడా మారుద్దామని నాలాగే కొందరు ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌కి వస్తున్నారు. అందులో ఫ్రీ వెర్షన్ ఉంది. కొన్ని రకాల 10 బిట్ ఫైళ్లకు స్టూడియో వెర్షన్ కావాలి గానీ దానికి ఒక్కసారి కడితే చాలు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే అడోబీ 2013 నుంచి చందా పద్ధతికి వెళ్లిపోయింది, ముహూర్తాలు లేని నెలలో కూడా కట్టాలంటే మాకు భారమే.

అయితే అలవాటైన చేతికి కొత్త సాఫ్ట్‌వేర్ మొదట్లో నరకం. ఎడియస్‌లో ఎఫెక్టు లాగి క్లిప్ మీద వేస్తే పనైపోయేది, రిజాల్వ్‌లో కలర్ దిద్దాలంటే నోడ్ (ఒక్కో దిద్దుబాటుకు ఒక్కో గడి) తర్వాత నోడ్ కలుపుకుంటూ పోవాలి. ఒకసారి అర్థమైతే మాత్రం వదలబుద్ధి కాదు. మండపంలో పసుపు లైట్లకు పెళ్లికూతురి ముఖం, పట్టుచీర ఒకే రంగులో కలిసిపోయినప్పుడు ముఖాన్ని విడిగా ఒక నోడ్‌లో పట్టుకుని దిద్దితే చీర రంగు చెడకుండా ముఖం తేటగా వస్తుంది. జె, కె, ఎల్ కీలతో వీడియో నడపడం, ఐ, ఓ లతో మార్కు పెట్టుకోవడం పెద్ద సాఫ్ట్‌వేర్లన్నిటిలో ఒకటే కాబట్టి అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలన్న టెన్షన్ అక్కర్లేదు.

తెలుగు టైటిళ్ల గొడవ వేరే. ప్రీమియర్‌లో లక్ష్మి అని కొడితే ఒక్కోసారి వత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి, ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కి మారిస్తే సరిపోతుంది. ఈ చిన్న సంగతి చెప్పేవాళ్లు లేక ప్రతి పేరూ అను అనే తెలుగు ఫాంటుతో ఫోటోషాప్‌లో చేసి, బొమ్మగా తెచ్చి పెట్టుకుంటూ రాత్రుళ్లు కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారు.

నాకు బాధ కలిగించేది ఏంటంటే, వీహెచ్‌ఎస్ క్యాసెట్ల నాటి నుంచి ఉన్న సీనియర్లు ఇక మావల్ల కాదని పక్కకు తప్పుకుంటున్నారు. అప్పగింతలప్పుడు ఎవరి ముఖం మీద షాట్ ఎంతసేపు ఆపాలో వాళ్లకు తెలిసినట్టు మాకు తెలీదు, అది ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. 2011లో యాపిల్ కంపెనీ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ అనే కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చినప్పుడు పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోక పేరున్న ఎడిటర్లే గగ్గోలు పెట్టారు. కాబట్టి ఇది వయసుకో చదువుకో సంబంధించిన విషయం కాదు, పక్కన కూర్చుని చూపించే మనిషి ఉంటే ఎవరికైనా వస్తుంది.

రిజాల్వ్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ శిక్షణ పుస్తకాలను, ప్రాక్టీసు చేసుకునే ఫైళ్లను ఉచితంగానే సైట్లో పెట్టింది. కాకపోతే అవి ఇంగ్లీషులో ఉన్నాయి. వాటినే దగ్గర పెట్టుకుని తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ వాళ్లు గానీ, ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం జరిపే మా ఫోటోగ్రాఫర్ల సంఘాలు గానీ నెల్లూరులో, ఒంగోలులో ఆషాఢ మాసంలో ఈ క్లాసులు పెట్టాలి. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు, అందరం ఖాళీ. మాఘంలోనో వైశాఖంలోనో పెడితే ఒక్కరూ రాలేరు, డెలివరీకి పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు. ఆషాఢం దాటాక కూడా నడపదలిస్తే ఆదివారం వద్దు, మంగళవారం పెట్టండి, ఆ రోజు పెళ్లి ముహూర్తాలు పెట్టరు కాబట్టి కందుకూరు, కనిగిరి వైపు వాళ్లు కూడా పొద్దున బస్సెక్కి వచ్చేస్తారు.

– ఒక వీడియో ఎడిటర్, కావలి