మార్కెట్ పడిందని ఎన్‌పీఎస్ స్కీమ్ మార్చేసే ముందు

అందరికీ నమస్కారం. షేర్ మార్కెట్ పడ్డప్పటి నుంచి గ్రూపులో చాలామంది తమ ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను వ్యవస్థ) ఖాతా స్క్రీన్‌షాట్లు పెట్టి టెన్షన్ పడుతున్నారు కాబట్టి కేంద్ర ఉద్యోగుల కోసం ఈ మెసేజ్. ముందు మీ డబ్బు ఏ స్కీములో ఉందో చూడండి. ఏ ఆప్షనూ పెట్టుకోకపోతే డిఫాల్ట్ స్కీములోనే ఉంటుంది, అందులో షేర్ల వాటా తక్కువే, మిగతాది దాదాపు అంతా బాండ్లే. ఆ వాటా 15 శాతం అనుకుంటే, మార్కెట్ 20 శాతం పడినా దానివల్ల తగ్గేది మొత్తంలో 3 శాతం దగ్గరే. ఎల్‌సీ-50 (మొదట్లో సగం దాకా షేర్లలో పెట్టే స్కీమ్) తీసుకున్నవారికి దెబ్బ ఎక్కువే, కాదనను, కానీ 35 ఏళ్లు దాటాక అందులో షేర్ల వాటా ఏటా తగ్గుతూ 55 ఏళ్లకి 10 శాతానికి వచ్చేస్తుంది.

ఇంకా పదిహేనేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు దయచేసి ఇప్పుడు భయపడి స్కీమ్ మార్చకండి. మీ జీతం (బేసిక్, డీఏ) నుంచి 10 శాతం, ప్రభుత్వం వేసే 14 శాతం ప్రతి నెలా పడుతూనే ఉంటాయి, ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ ధర) తగ్గినప్పుడు అదే డబ్బుకి ఎక్కువ యూనిట్లు వస్తాయి. 2020 మార్చిలో నిఫ్టీ 7,600 దగ్గరికి పడి, అదే ఏడాది నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటింది. ప్రతిసారీ అంత త్వరగా కోలుకుంటుందని మాత్రం అనుకోవద్దు.

నాకు నిజంగా బెంగ రిటైర్మెంట్ దగ్గరపడ్డవాళ్ల గురించే. 60 నిండగానే డబ్బంతా తీసేయాలని లేదు, 85 ఏళ్ల దాకా వాయిదా వేసుకోవచ్చు. అలాంటివాళ్లు మీ వయసు, స్కీమ్ పేరు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం. ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా) నంబరు మాత్రం గ్రూపులో పెట్టకండి.