పై ఫ్లాటు నీరు, కింది ఫ్లాటు కప్పు: మరమ్మతు ఎవరిదో బైలాస్‌లోనే తేల్చండి

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అపార్ట్‌మెంట్ల నిర్వహణ, వాటర్‌ప్రూఫింగ్ పనులు చూసే కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది.

పై ఫ్లాటు బాత్‌రూమ్ నుంచి కింది ఫ్లాటు సీలింగ్‌లోకి నీరు దిగితే హైదరాబాద్‌లో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. కిందివాళ్లు పైవాళ్లను అడుగుతారు. పైవాళ్లు బిల్డర్‌ను చూపిస్తారు, బిల్డర్ అసోసియేషన్‌ను చూపిస్తాడు. అసోసియేషన్ ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటుంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే సివిల్ తగాదా అంటారు. ఈలోగా స్లాబులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులు ఊడిపడతాయి.

మేం అడిగేది అసోసియేషన్లన్నిటికీ పనికొచ్చే నమూనా బైలాస్, అంటే నియమావళి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో దాన్ని బట్టి ఖర్చు ఎవరిదో అందులో ఉండాలి. ఆ సంగతి తేల్చే పరీక్షకు ప్రతి యజమానీ తలుపు తీయాలని కూడా ఉండాలి. మా లెక్కలో రెండోదే ముఖ్యం. డబ్బు దగ్గర ఆగిపోయిన కేసుల కంటే తలుపు దగ్గర ఆగిపోయినవే ఎక్కువ.

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉన్నా, అసోసియేషన్లు కొన్ని 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, మరికొన్ని 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదవుతున్నాయి. బైలాస్ చాలావరకు పక్క అపార్ట్‌మెంట్‌వి తెచ్చి పేరు మార్చినవే. ‘లోపలి మరమ్మతులు యజమానివి, ఉమ్మడి మరమ్మతులు సంఘానివి’ అని ఒక్క వాక్యం ఉంటుంది. తగాదా అంతా పైవాళ్ల టైల్‌కూ కిందివాళ్ల సీలింగ్‌కూ మధ్య, పైపుల కోసం కిందికి దించి కట్టిన సంకెన్ స్లాబులో ఉంది. అది లోపలిదో ఉమ్మడిదో ఆ వాక్యం చెప్పదు. మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా బైలాస్‌లో వాననీటి లీకేజీ, బయటి ఉమ్మడి పైపులు, డ్రైనేజీ లైన్ల లీకేజీ సొసైటీ ఖర్చు అని రాశారు. టెర్రస్ నుంచి వాననీరు దిగి పై అంతస్తు సీలింగ్ పాడైతే అదీ సొసైటీదే. మనకూ అలాంటిది కావాలి, ఇంకొంచెం వివరంగా.

నీటి దారి కనిపెట్టడం కష్టమేం కాదు. సీలింగ్ చుక్కలు రాత్రీ పగలూ ఒకేలా పడుతుంటే ముందు అనుమానించాల్సింది గోడలో దాగిన సీపీవీసీ ప్రెషర్ లైన్‌ను, అంటే ఎప్పుడూ ఒత్తిడితో నీరు నిండి ఉండే ప్లాస్టిక్ పైపును. ఆ బాత్‌రూమ్ వాల్వు కట్టేసి చూడాలి. స్నానం చేశాక గంటా రెండు గంటలకు తడి పెరిగి, పైవాళ్లు ఊరెళ్తే ఆరిపోతుంటే డ్రైన్ దగ్గరో టైల్స్ సందుల్లోనో లోపం ఉంది. నహానీ ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ గుంట) నోరు ప్లగ్‌తో మూసి, నేల మీద అంగుళం నుంచి రెండంగుళాల నీరు 48 గంటలు నిలబెట్టాలి. కింద తడి పెరిగితే నేల వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. పెరగకపోతే ట్రాప్ తెరిచి రంగు కలిపిన నీరు పోయాలి, కమోడ్‌లోనూ వేరే రంగు నీరు వదలాలి. కింద ఏ రంగు దిగితే ఆ రంగు పోసిన వైపు పైపు జాయింటే కారుతున్నట్టు. వానలప్పుడే వస్తే మాత్రం బాత్‌రూమ్‌ను తవ్వి లాభం లేదు. బయటి గోడ పగుళ్లు, డక్ట్‌లోని (పైపులు దిగే నిలువు సందులోని) రెయిన్‌వాటర్ పైపు, పై అంతస్తైతే టెర్రస్ పిట్టగోడ మొదలు చూడాలి.

ఇక్కడ అందరూ పొరపాటు పడే చోటు ఒకటుంది. సంకెన్‌లో నింపిన ఇటుక ముక్కలు నీటిని పీల్చి పట్టుకుంటాయి. వాల్వు కట్టేసినా కొన్నాళ్లు కారుతూనే ఉంటుంది. ఒక్కరోజు చూసి ‘మా పైపు కాదు’ అని తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. పరీక్ష జరిగినన్ని రోజులూ కింద తడి మచ్చ అంచుల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేస్తే వాదనే ఉండదు. చెమ్మ దగ్గర లైట్ పాయింట్ ఉంటే ముందు ఆ సర్క్యూట్ ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించడం మరవకూడదు.

డక్ట్‌లో నిలువు పైపు అందరిది, ఫ్లాటులోంచి దానికి చేరే అడ్డ పైపు ఆ ఫ్లాటుది. రెండూ కలిసే జాయింట్ ఎవరిదని రాయకపోతే అదొక ఏడాది గొడవ. దాన్ని విప్పాలంటే ఆ వరుసలోని ఇళ్లన్నీ వాడకం ఆపాలి కనుక జాయింట్ అసోసియేషన్‌దే అని రాయండి. ట్రాపులు, దాగిన పైపులు, బాత్‌రూమ్ నేల వాటర్‌ప్రూఫింగ్ పై ఫ్లాటు యజమానివి. స్లాబులో ఇనుము తుప్పు పడితే ఆ పని అసోసియేషన్ చేయించి, ఖర్చు కారకుడి దగ్గర వసూలు చేయాలి. కడ్డీ మరమ్మతును ఎవరికి దొరికిన మేస్త్రీకి వాళ్లు అప్పగిస్తే భవనానికే ముప్పు.

కింద సీలింగ్‌కు పుట్టీ పెట్టడం, పీఓపీ కప్పడం మరమ్మతు కాదు, దాచడం. కింది నుంచి స్లాబులోకి రసాయనం ఎక్కించే ఇంజెక్షన్ గ్రౌటింగ్ చేస్తే నీరు పక్క గదిలో తేలుతుంది. పని పై నుంచే జరగాలి. టైల్స్, నింపుడు తీసి స్లాబు శుభ్రం చేసి, ట్రాప్ చుట్టూ, మూలల్లో పాలిమర్ మోర్టార్‌తో గోలా (గుండ్రటి అంచు) కట్టి, రెండు పొరల వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, గోడల మీదికి అడుగైనా ఎక్కించి, టైల్స్ వేయకముందే మళ్లీ 48 గంటలు నీరు నిలబెట్టి చూడాలి. బాత్‌రూమ్ వారం పది రోజులు వాడకానికి ఉండదు. ఒకే బాత్‌రూమ్ ఉన్నవాళ్లు తలుపు ఎందుకు తీయరో ఇక్కడ అర్థమవుతుంది. వాళ్లకు ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్‌లోని ఉమ్మడి బాత్‌రూమ్ ఇచ్చే ఏర్పాటు కూడా రాస్తే సగం మంది ఒప్పుకుంటారు.

కొత్త భవనాలకు రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ఉంది. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు లోపం చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ‘మీరు గోడకు డ్రిల్ వేశారు’ అనే సాకు రాకుండా పైపులు వెళ్లిన దారి చూపే డ్రాయింగ్ అసోసియేషన్ చేతిలో ఉండాలి. ప్లాన్లు, పత్రాలు అప్పగించాలని 17(2) చెబుతోంది, ప్లంబింగ్ డ్రాయింగ్‌ను పేరు పెట్టి అందులో చేర్పించండి. పాత అపార్ట్‌మెంట్లకు ఈ ఆసరా లేదు. బీమా కూడా అంతంతే. 2021 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో పైపు పగిలి నీరు పొంగితే పరిహారం ఉంది, నెలల తరబడి ఊరిన చెమ్మకు దాని మీద ఆశ పెట్టుకోలేం.

బైలాస్‌లో గడువులూ కావాలి. రాతపూర్వక ఫిర్యాదు అందిన 7 రోజుల్లో ఇరువర్గాల ముందు పరీక్ష, కారణం తేలిన 15 రోజుల్లో పని మొదలు. మొదలుపెట్టకపోతే అసోసియేషన్ తన కార్పస్ (మూలనిధి) నుంచి పని చేయించి, ఆ మొత్తాన్ని మెయింటెనెన్స్ బకాయిగా రాబట్టాలి. నోటీసుకు ముందు జరిగిన నష్టంలో కింది ఇంటి ప్లాస్టర్, పెయింట్ వరకే కారకుడు ఇవ్వాలి. నోటీసు తర్వాత కూడా కదలకపోతే వార్డ్‌రోబ్‌లు, ఫాల్స్ సీలింగ్, వైరింగ్ కూడా అతనివే. యజమాని అమెరికాలో ఉండి, అద్దెకున్నవాళ్లకు పట్టని ఫ్లాట్లు ఎన్నో ఉన్నాయి. తలుపు తీయించగల, పనికి ఒప్పుకోగల స్థానిక ప్రతినిధి పేరు అసోసియేషన్‌కు ముందే ఇవ్వాలని తప్పనిసరి చేయండి.

టెర్రస్ పనులు ఎండల్లోనే జరగాలి. ముసాయిదా సంక్రాంతిలోపు వస్తే అసోసియేషన్లు జనరల్ బాడీ పెట్టుకుని వానలకు ముందే డబ్బు కేటాయించుకోగలవు. దానికి జతచేయదగ్గ పరీక్ష ఫారం, జాయింట్ల స్కెచ్ మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ నిర్వాహకులు, వాటర్‌ప్రూఫింగ్ పనివారు