కెరటాలెక్కే పిల్లల చెవుల మాట

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో రుషికొండ తీరాన సర్ఫింగ్ బోర్డు చంకలో పెట్టుకుని నీళ్లలోంచి వస్తున్న కుర్రాడి ఫొటో వేశారు. ఫొటో బాగుంది. అందులో వాడు తల ఓ పక్కకి వాల్చి, అరచేత్తో చెవి మీద కొట్టుకుంటున్నాడు. చూసినవాళ్లు అదేదో స్టయిలు అనుకుని ఉంటారు. కాదండీ, చెవిలో నీళ్లు పోయాయి. ఆ నీళ్ల గురించే ఈ ఉత్తరం.

నేను జాలరిపేటలో పుట్టినవాణ్ణి. మా నాన్న తెప్ప మీద వేటకి వెళ్లేవాడు. నేను పన్నెండేళ్లుగా బోర్డు మీద కెరటాలెక్కుతున్నాను, అయిదేళ్లుగా పిల్లలకి నేర్పుతున్నాను. నాన్నకి నలభై దాటిన దగ్గర్నుంచీ కుడి చెవి కారుతూనే ఉండేది. ఏదైనా చెప్పాలంటే ఎడమ పక్కకి వెళ్లి చెప్పేవాళ్లం. మా పేటలో అది జబ్బు కింద లెక్కే కాదు. ‘‘సంద్రంలో బతికినోడికి చెవి కారదేటి’’ అనేవారు పెద్దలు. నేనూ అలాగే అనుకున్నాను, మూడేళ్ల కిందటి శ్రావణమాసం దాకా.

ఆ నెలంతా వానలే. కెరటాలు మంచి ఊపు మీద ఉన్నాయి. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్లలోనే గడిపేవాణ్ణి. ముందు ఎడమ చెవిలో దురద మొదలైంది. అగ్గిపుల్లతో గోకితే ప్రాణం లేచొచ్చినంత హాయి. నాలుగు రోజులకి చెవి మూసుకుపోయింది. నా గొంతు నాకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపించేది. అమ్మ వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనె తెచ్చి, ‘‘ఏటవ్వదురా, రెండు చుక్కలు ఎయ్యనీ’’ అంది. వేయించుకున్నాను. తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఏవో యాంటీబయోటిక్ చుక్కలిచ్చారు. పది రోజులు వేశాను. దురద ఇంకా ఎక్కువైంది, రాత్రిళ్లు పోటు కూడా తోడైంది.

చివరికి చెవి డాక్టరు దగ్గరికి పోతే, ఆయన గొట్టం పెట్టి లోపలున్నదంతా పీల్చేసి, ముందుగా తీసిన బొమ్మ తెర మీద చూపించారు. బూడిదరంగు పొర, దాని మీద నల్లటి చుక్కలు. ‘‘తడిసిన న్యూస్‌పేపరు ముక్కలా లేదూ?’’ అన్నారాయన. అచ్చం అలాగే ఉంది. (మీ పేపరని కాదు.) అది బూజు. రొట్టె మీద పట్టేలాంటి ఫంగస్. చెవి గొట్టం పొడవు రెండున్నర సెంటీమీటర్లే, అటు చివర కర్ణభేరి అడ్డం. వేడి, చెమ్మ, చీకటి, మూడూ ఉన్నాయి, బూజుకి ఇంకేం కావాలి? యాంటీబయోటిక్ చుక్కలు బాక్టీరియాని చంపుతాయిగానీ బూజుని చంపవు, పైగా దానికి పోటీ లేకుండా చేస్తాయట. నూనె సంగతి నేనే అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

అసలు విషయం ఇక్కడుంది. మా కుర్రాళ్లు ఫోన్లో వెతికి చదివేదంతా ‘సర్ఫర్స్ ఇయర్’ గురించి. అది చల్లటి సముద్రాల జబ్బు. మా పిన్ని కొడుకు కాలిఫోర్నియాలో శాంతాక్రజ్ దగ్గర ఉంటాడు. అక్కడి నీళ్లు పది నుంచి పదిహేను డిగ్రీలు. అంత చల్లటి నీళ్లూ, పైన ఈదురుగాలీ ఏళ్ల తరబడి తగిలితే చెవి గొట్టంలోని ఎముక తనను తాను కాపాడుకోవడానికన్నట్టు బుడిపెలుగా పెరుగుతుంది. దారి సన్నబడుతుంది, నీళ్లు, గుబిలి వెనకాల చిక్కుకుపోతాయి. మరీ మూసుకుపోతే ఆ ఎముకని ఆపరేషన్ చేసి చెక్కాలి, ఆ తర్వాత వారాల తరబడి నీళ్ల మొహం చూడకూడదు. మా తమ్ముడు తలకి టోపీలా నియోప్రీన్ హుడ్ తొడుక్కోనిదే నీళ్లలోకి దిగడు. అక్కడ అది సబబే. మన బంగాళాఖాతం ఏడాది పొడుగునా గోరువెచ్చనే. ఇక్కడ ఎముక పెరుగుతుందని బెంగపడే కుర్రాడు, రోజూ చెవిలో అగ్గిపుల్ల పెట్టుకుంటూ కూచుంటే ఏమనాలి? మన జబ్బు చెమ్మ జబ్బు.

అందుకని నేను నేర్పే పిల్లలకి బోర్డు మీద నిలబడటం కంటే ముందు చెవి ఆరబెట్టుకోవడం చెబుతున్నాను. నీళ్లలోంచి రాగానే తల పక్కకి వంచి, చెవి పైభాగాన్ని పట్టుకుని వెనక్కీ పైకీ లాగితే గొట్టం తిన్నగా అవుతుంది, నీళ్లు వాటంతటవే జారతాయి. చిన్నప్పుడు ఒంటికాలి మీద గెంతేవాళ్లం, అదీ పనిచేస్తుందిగానీ కింద రాయి ఉంటే వేలు పోతుంది. తువ్వాలు కొనతో బయటి చెవి మాత్రం అద్దుకోవాలి. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్ ఉంటే తక్కువ వేడి మీద అడుగు దూరంలో పట్టుకుంటే చాలు. దూది పుల్లలు మాత్రం వద్దే వద్దు. గుబిలిని మురికి అనుకుంటాం. నీళ్లు అంటకుండా కాసేది, కాస్త పులుపు గుణంతో క్రిముల్ని ఆపేది అదే. పుల్లతో దాన్ని గీకేసి, ఆ గీతల్లోకి ఉప్పునీళ్లు పంపితే చెవి వాచక ఏం చేస్తుంది?

రోజూ దిగేవాళ్లకి సిలికాన్ ప్లగ్గులు మంచివి. మధ్యలో సన్నటి చిల్లు ఉన్న రకమైతే పక్కవాడి కేక వినపడుతుంది, అది వినపడకపోతే కెరటాల మధ్య ప్రమాదం. స్పాంజి ప్లగ్గులు నీళ్లు పీల్చుకుంటాయి, పనికిరావు. ఇదే తీరంలో స్కూబా డైవింగ్‌కి వెళ్లేవాళ్లు మాత్రం ఏ ప్లగ్గూ పెట్టుకుని దిగకూడదు. లోతుకి వెళ్లేకొద్దీ పెరిగే ఒత్తిడికి కర్ణభేరే దెబ్బతింటుంది. పిల్లలు ఈ రెండిటినీ కలిపేస్తున్నారు. ఇక ఎసిటిక్ ఆమ్లం ఉన్న చుక్కలు, అంటే వెనిగర్‌లో ఉండేదే, నీళ్లలోంచి వచ్చాక వేసుకుంటే చెమ్మ జబ్బు రాకుండా కాస్తాయి. నేను వాడుతున్నాను. కానీ డాక్టరు కర్ణభేరి చూసి, చిల్లు లేదని చెప్పాకే.

చిల్లు మాట ఎందుకంటే, పోయినేడు మా దగ్గర పదకొండేళ్ల పాప బోర్డు మీంచి పక్కకి పడింది. కెరటం చెంపదెబ్బలా చెవి మీద కొట్టింది. చురుక్కుమని పోటు, ఆ వెంటనే కళ్లు తిరిగాయంది. నీళ్లలో కళ్లు తిరిగితే ఏది పైనో ఏది కిందో తెలీదు. పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. వాళ్ల నాన్నమ్మ ఒడ్డునే కొబ్బరినూనె సీసా తీసింది, దణ్ణం పెట్టి ఆపాను. రెండు నెలల్లో చిల్లు దానంతటదే పూడింది. అన్నాళ్లూ ఒక్క చుక్క నీరు పోనివ్వలేదు.

ఇంకొకటి. వాన పడిన మర్నాడు గెడ్డలు, అంటే వాగులు, ఊరి మురుగంతా తెచ్చి సముద్రంలో కలుపుతాయి. గెడ్డ కలిసే చోట నీళ్లు టీ రంగులో ఉంటాయి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిందని మనందరికీ గర్వమే, నాకూనూ. అయినా జోరువాన తర్వాత రెండు మూడు రోజులు నేను పిల్లల్ని ఎక్కడా దింపను. ఫీజు పోతుందని నాలాంటివాళ్లు కొందరు దింపుతారు. అలాంటి రోజుల్లో ఒడ్డున ఒక ఎర్రజెండా, దాని కింద ‘గెడ్డనీళ్లు’ అన్న ఒక్క మాట పెట్టడానికి అధికారులకి పెద్ద ఖర్చవదు. నేర్పేవాళ్లు కూడా ఫారం మీద ఈత వచ్చా అని అడిగినట్టే చెవి కారుతుందా, షుగర్ ఉందా అని అడగాలి. షుగర్ ఉన్న పెద్దవాళ్లూ ఈమధ్య సరదాగా బోర్డెక్కుతున్నారు. వాళ్లకి చెవి వాపు ముదిరితే పుర్రె ఎముక దాకా పాకొచ్చు. చెవి తమ్మె లాగితే పోటు పెరుగుతోందంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మీరూ ఏటా తొలకరికి దోమల గురించి వేసే పెట్టెలో ఈ నాలుగు ముక్కలకి చోటిస్తే బాగుంటుంది.

మీ ఫొటోలో కుర్రాడు నా దగ్గర నేర్చుకునేవాడే. సోమవారం పిలిచి అడిగితే, ‘‘ఏం లేదన్నా, కొంచెం దురద’’ అన్నాడు. అంటూనే జేబులోంచి బండి తాళంచెవి తీసి చెవిలో పెట్టుకోబోయాడు. లాక్కున్నాను. మర్నాడే డాక్టరుకి చూపించాం, నాకొచ్చిన బూజే. మూడు వారాలు నీళ్లు బంద్. ప్రస్తుతం ఒడ్డున కూచుని చిన్నపిల్లల బోర్డులకి మైనం రాస్తున్నాడు, నాతో మాట్లాడ్డం లేదు.

ఇట్లు,
ఒక సర్ఫింగ్ శిక్షకుడు,
జాలరిపేట, విశాఖపట్నం